పాత అవుట్‌బోర్డు మోటారు: లోపాల నిర్ధారణ, మరమ్మతు

అవుట్‌బోర్డు మోటారు అంటే పడవ వెనుక చెక్కకు బయటివైపు బిగించే ఇంజను. పైన ఇంజను తల, మధ్యలో నిలువు షాఫ్టు, అడుగున గేర్లపెట్టె, దానికి ప్రొపెల్లరు అన్నీ ఒకే కట్టుగా ఉంటాయి. పని కాగానే విప్పి ఇంటికి తీసుకుపోవచ్చు. పడవ ఇసుకను తాకేవేళకు ప్రొపెల్లరును నీటిలోంచి పైకి లేపవచ్చు. రేవు లేని తీరంలో ఈ రెండు సౌకర్యాలూ ఎంతో విలువైనవి. అందుకే విశాఖపట్నం తీరంలో, పడవలను నేరుగా ఇసుక మీదికి లాగే పల్లెల్లో, చిన్న మత్స్యకారుడికి బతుకుతెరువైన యంత్రం ఇదే.

ఏళ్ల తరబడి ఉప్పునీటిలో పనిచేసిన మోటారు ఒక్కసారిగా ఆగిపోదు. ముందు సరిగా నడవడం మానేస్తుంది. నెమ్మది మీద అదురుతుంది, మధ్యమధ్య మిస్ కొడుతుంది, రేసు ఇచ్చినా పికప్ అందుకోదు, ఒడ్డున బాగానే ఉండి నడిసముద్రంలో మొండికేస్తుంది. ఈ లక్షణాలకు కారణాలు చాలావరకు ఇంధనం, నిప్పురవ్వ, ఉప్పు, ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. ఒక క్రమం ప్రకారం పరీక్షిస్తే అసలు కారణం తెలుస్తుంది. క్రమం తప్పితే మంచి భాగాలు మార్చడానికే డబ్బు ఖర్చవుతుంది.

చరిత్ర

నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో తన అవుట్‌బోర్డు మోటారును అమ్మకానికి పెట్టాడు. ఆయన పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయింది. జపాన్‌కు చెందిన యమహా 1960లో ఈ రంగంలోకి వచ్చింది. గట్టితనానికి పేరుపడ్డ దాని రెండు స్ట్రోకుల మోటార్లు ఆసియా, ఆఫ్రికా తీరాలలో చేపలవేటకు విస్తారంగా వాడుకలోకి వచ్చాయి.

భారతదేశంలో పడవల యాంత్రీకరణకు 1950లలో కేరళలో మొదలైన ఇండో-నార్వీజియన్ ప్రాజెక్టు దారి చూపింది. అప్పట్లో ఇంజనును పడవ లోపలే బిగించేవారు. సంప్రదాయ పడవలకు బయటి మోటార్లు బిగించడం 1980లలో ఊపందుకుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బే ఆఫ్ బెంగాల్ కార్యక్రమం, తూర్పు తీరపు కెరటాలను తట్టుకుని ఒడ్డుకు చేరగల ఇంజను పడవల మీద ప్రయోగాలు చేసింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత పునరావాస సాయం రూపంలో ఫైబరు పడవలూ మోటార్లూ తూర్పు తీరపు పల్లెలకు మరింతగా చేరాయి.

విశాఖ తీరంలో వాడుక

విశాఖలో వేట పడవలు రెండు తీరులు. చేపలరేవులో ఆగే పెద్ద మరబోట్లకు డీజిల్ ఇంజను బోటు లోపలే ఉంటుంది. సరంగు, కళాసీలు కలిసి రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. రెండో తీరువి ఒడ్డునే ఉండే తెప్పలు, నావలు, ఫైబరు బోట్లు. పెద జాలారిపేట, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట, భీమునిపట్నం, ఉక్కు కర్మాగారం వైపున అప్పికొండ, దక్షిణాన పూడిమడక వంటి ఊళ్లలో కనిపించేవి ఇవే. జాలారి, వాడబలిజ కుటుంబాలు తరతరాలుగా ఈ వేట మీద బతుకుతున్నాయి. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న సముద్రాన్ని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట క్రమబద్ధీకరణ చట్టం కింద సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించారు.

వేటకే కాదు, రుషికొండ తీరంలో పర్యాటకుల బోట్లకు, తీర గస్తీకి, వరద సహాయక బృందాల రబ్బరు పడవలకు కూడా ఈ మోటార్లనే వాడతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు జనాన్ని బయటికి తెచ్చినవి ఇలాంటి పడవలే.

పనిచేసే తీరు

పాత చిన్న మోటార్లలో ఎక్కువ భాగం రెండు స్ట్రోకులవి, రెండు సిలిండర్లవి. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కింది గదిలో ఏర్పడే పీల్పుకు కార్బరేటరు నుంచి పెట్రోలు, ఆయిల్, గాలి కలిసిన మిశ్రమం పలచని రీడు రేకుల గుండా లోపలికి వస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం పక్కదారుల గుండా పై గదిలోకి చేరుతుంది. అక్కడ ప్లగ్గు రవ్వతో మండుతుంది. కింది గదిలో కలిగే ఒత్తిడి హెచ్చుతగ్గులే డయాఫ్రం పంపును ఆడించి ట్యాంకు నుంచి పెట్రోలు తెస్తాయి. అంటే ఒక సీలు కారినా, ఒక రీడు విరిగినా దెబ్బ ఇంధనం దాకా పాకుతుంది.

ఇంజనును చల్లబరిచేది సముద్రపు నీరే. గేర్లపెట్టె దగ్గరి రబ్బరు రెక్కల ఇంపెల్లరు నీటిని పైకి పంపుతుంది. అందులో కొంత నీరు వెనుక సన్నటి ధారగా బయటికి వస్తుంది. ఆ ధార చక్కగా పడుతుంటే పంపు పనిచేస్తున్నట్టు.

లోపాలు పుట్టే చోటు

విశాఖ వంటి చోట మోటారును దెబ్బతీసేవి మూడు. మొదటిది ఉప్పు. ఇంజను ఒంటికి అల్యూమినియం, లోపలి షాఫ్టుకూ బేరింగులకూ ఉక్కు వాడతారు. రెండు లోహాల మధ్య ఉప్పునీరు నిలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది, బోల్టులు బిగుసుకుపోతాయి, వైర్ల కొనలు పచ్చబడి కరెంటు సరిగా పారదు. రెండోది ఇసుక. కెరటాల్లో పడవ దింపే ప్రతిసారీ ఇసుక కలిసిన నీరు పంపులోకి వెళ్లి ఇంపెల్లరు రెక్కలను అరగదీస్తుంది.

మూడోది, తక్కువగా గమనించేది, ఖాళీ కాలం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ ఎండాకాలమంతా కార్బరేటరులో మిగిలిన పెట్రోలు ఆవిరై, ఆయిలుతో కలిసి జిగురుగా పేరుకుంటుంది. జెట్ల సన్నటి రంధ్రాలు పూడిపోతాయి. నిషేధం ముగిసి మొదటిసారి పడవ దింపినప్పుడు చాలా మోటార్లు అదరడానికి ఇదే మూలం.

దీనికి ఇథనాల్ తోడైంది. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. చాలా అవుట్‌బోర్డు మోటార్లకు తయారీదారులు పెట్టిన పరిమితి 10 శాతమే. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలనూ డయాఫ్రంలనూ మెత్తబరుస్తుంది. తేమను పీల్చుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలులో దాదాపు 5 మిల్లీలీటర్ల నీరు చేరితే చాలు, నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. 20 శాతం ఉన్నదానిలో ఇంకాస్త ఎక్కువ నీరు పడుతుంది. ట్యాంకులో పీల్చే గొట్టం ఉండేది అడుగునే. ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. కాబట్టి ఆ అడుగు నీరు లోపలికి వెళితే ఇంజను మిస్ కొట్టడమే కాదు, పిస్టనుకు నూనె అందక పట్టేసే ప్రమాదమూ ఉంది.

పరీక్షా క్రమం

మొదలుపెట్టే ముందు మోటారును మంచినీళ్లు నింపిన పెద్ద డ్రమ్ములో నిలబెట్టాలి. నీరు లేకుండా స్టార్ట్ చేస్తే ఇంపెల్లరు కొద్ది క్షణాల్లోనే కాలిపోతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ప్లగ్గులూ కార్బరేటరూ కాయిలూ ఒకేరోజు మార్చేస్తే జబ్బు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

1. కంప్రెషన్. ఇంజను ఆరోగ్యం ముందు తెలియాలి. రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఇంజను లోహానికి తగిలించి, రేసు పూర్తిగా తెరిచి, గేజి పెట్టి నాలుగైదుసార్లు తాడు లాగాలి. చాలా చిన్న మోటార్లలో 100 నుంచి 130 పి.ఎస్.ఐ. మధ్య చూపుతుంది. అంకె కంటే ముఖ్యం రెండు సిలిండర్ల మధ్య తేడా. అది 10–15 శాతం దాటితే రింగులు, సిలిండరు గోడలు, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. కంప్రెషన్ లేని ఇంజనుకు కార్బరేటరు ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు.

2. ప్లగ్గుల రంగు. లేత గోధుమరంగు ఉంటే దహనం బాగుంది. పొడి నలుపు ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా చాలాసేపు నెమ్మది మీద నడిచింది. తడి నలుపు అంటే ఆ సిలిండరు మండడం లేదు. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువై వేడి పెరిగింది. ప్లగ్గు మీద వెండి చుక్కలు కనిపిస్తే పిస్టన్ కరగడం మొదలైంది. అప్పుడు మోటారును ఇక నడపకూడదు. ఒక ప్లగ్గు మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉండి ఉప్పు మరకలు కనిపిస్తే ఆ సిలిండరులోకి నీరు కారుతోంది. దొరికిన ప్లగ్గేదో బిగించడం కూడా నష్టమే. ఎన్‌జీకే ప్లగ్గులలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు వేడిని త్వరగా వదులుతుంది. తప్పు అంకె వేస్తే ఒకవైపు మసి, మరోవైపు పిస్టన్ కాలడం జరుగుతాయి.

3. నిప్పురవ్వ. రవ్వను పరీక్షించే సాధనంతో చూస్తే 10 మిల్లీమీటర్ల ఖాళీనైనా దూకే గట్టి నీలిరవ్వ రావాలి. సన్నటి పసుపు రవ్వ బలహీనతకు గుర్తు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్ కొడితే ఫ్లైవీలు కింద ఉండే కాయిళ్ల మీద అనుమానం పడాలి. వేడికి లోపలి తీగ విచ్చుకుని, చల్లారాక మళ్లీ కలుసుకుంటుంది. అందుకే కొలతలు వేడి మీదే తీయాలి. ఆపే స్విచ్చు వైరు తడిసినా రవ్వ పోతుంది. దాన్ని తాత్కాలికంగా విడదీస్తే సంగతి తేలిపోతుంది. పాయింట్లు ఉన్న మరీ పాత మోటార్లలో పాయింట్ల ముఖాలు శుభ్రం చేసి ఖాళీ సరిచేయాలి.

4. సిలిండర్లను విడివిడిగా చూడడం. మోటారు నడుస్తుండగా ఒక్కో సిలిండరు రవ్వను విడిగా ఆపి చూడాలి. వైరును గాలిలో వదలకుండా లోహానికి తగిలించి ఉంచాలి, లేకపోతే కాయిలు చెడవచ్చు. రవ్వ ఆపగానే వేగం పడిపోతే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. మార్పేమీ లేకపోతే జబ్బు దానిదే.

5. ఇంధనం. మోటారు అదురుతున్నప్పుడు చోకు కాస్త లాగి చూడాలి. నడక మెరుగైతే పెట్రోలు తక్కువ అందుతోంది. అప్పుడు పెట్రోలు గొట్టం మీది చేతి బల్బును నొక్కి చూడాలి. నొక్కుతున్నంతసేపు బాగుంటే పంపు డయాఫ్రంలోనో గొట్టంలోనో లోపముంది. బల్బు నొక్కినా మార్పు లేకపోతే కార్బరేటరు జెట్లు పూడి ఉంటాయి. బల్బు దానంతటదే లోపలికి అతుక్కుపోతుంటే ట్యాంకు వైపు అడ్డంకి ఉంది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ బిగించి ఉండిపోవడం ఇలాంటిదే, అతి మామూలు కారణం. నెమ్మది మీద మాత్రమే అదిరితే సన్న జెట్టు, రేసు మీద మాత్రమే తడబడితే పెద్ద జెట్టు చూడాలి. కార్బరేటరును పూర్తిగా విప్పి, తగిన ద్రావకంలో నానబెట్టి, ప్రతి రంధ్రాన్నీ గాలితో ఊదాలి. ఇనుపతీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై లోపం శాశ్వతమవుతుంది.

జెట్లు శుభ్రంగా ఉన్నా ఇంజను కార్బరేటరు లోంచి వెనక్కి తుమ్ముతుంటే రీడు విరిగిందేమో, క్రాంకు సీళ్లు గాలి పీలుస్తున్నాయేమో చూడాలి.

6. చల్లదనం. నీటిధార సన్నబడితే ముందు ఆ రంధ్రంలో ఇసుక అడ్డుపడిందేమో సన్నటి నైలాను దారంతో చూడాలి. అక్కడ లేకపోతే ఇంపెల్లరు విప్పాలి. రెక్కలు వంగి గట్టిపడితే మార్చాలి. ఒక రెక్క ముక్క విరిగి ఉంటే ఆ ముక్క పైదారిలో ఎక్కడో చిక్కి ఉంటుంది. దాన్ని వెతికి తీసేదాకా పని పూర్తి కానట్టే. థర్మోస్టాటు చాలా మోటార్లలో 50–60 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. తెరిచే ఇరుక్కుంటే ఇంజను వేడెక్కక నెమ్మది మీద అదురుతుంది. మూసి ఇరుక్కుంటే పట్టేస్తుంది.

7. ప్రొపెల్లరు, గేర్లు. ఇంజను గట్టిగా అరుస్తున్నా పడవ కదలకపోతే ఇంజను తప్పు కాకపోవచ్చు. ప్రొపెల్లరు నడుమ ఉండే రబ్బరు బుష్షు జారుతూ ఉండవచ్చు. రెక్క వంగితే పడవంతా అదురుతుంది. వేట పడవల్లో మరో సమస్య వలదారం. ప్రొపెల్లరు వెనుక చుట్టుకున్న నైలాను దారం సీలును కోసేస్తుంది, ఉప్పునీరు గేర్లపెట్టెలోకి వెళుతుంది. గేరు ఆయిల్ పాలలా తెల్లబడితే అదే గుర్తు.

డీజిల్, కిరోసిన్ మోటార్లు

ఒడ్డు పడవలలో పొడవాటి షాఫ్టున్న చిన్న డీజిల్ ఇంజన్లూ వాడతారు. వీటికి ప్లగ్గు ఉండదు కాబట్టి లోపం ఇంధనంలోనో గాలిలోనో కంప్రెషన్‌లోనో ఉంటుంది. పైపులో గాలి చేరితే వేగం ఊగిసలాడుతుంది. అప్పుడు గాలిని బయటికి వదలాలి. పొగను బట్టి కూడా చాలా తెలుస్తుంది. నల్లపొగకు అధిక బరువు, మూసుకున్న గాలి వడపోత, కారే ఇంజెక్టరు కారణాలు. తెల్లపొగ వస్తే డీజిల్ కాలడం లేదు, లేదా నీరు చేరింది. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది.

కిరోసిన్ మోటారును పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తేవాలి. ఈ చివరి పని మరిచిపోతే మర్నాడు స్టార్టు కాదు. వీటిలో మసి త్వరగా పేరుకుంటుంది కాబట్టి హెడ్డును తరచు శుభ్రం చేయాలి.

నీట మునిగిన మోటారు

కెరటాల్లో పడవ బోర్లాపడి మోటారు మునగడం ఈ తీరంలో అరుదు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు పడవలూ ఇంజన్లూ పెద్దసంఖ్యలో దెబ్బతిన్నాయి. మునిగిన మోటారుకు నిజమైన కీడు బయటికి తీశాక మొదలవుతుంది. గాలి తగిలిన మరుక్షణం నుంచి ఉక్కు బేరింగులు తుప్పు పడతాయి. వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, తాడు మెల్లగా లాగి నీరంతా బయటికి పంపాలి. సిలిండర్లలో ఆయిల్ పోసి, కార్బరేటరు కడిగి, అదేరోజు నడపాలి. వెంటనే వీలుకాకపోతే మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచడం బయట ఆరబెట్టడం కంటే మేలు. నడుస్తుండగా మునిగిన మోటారును మాత్రం బలవంతంగా తిప్పకూడదు. నీటి ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు.

ఆయిల్, నిర్వహణ

చాలా మోటార్లకు పెట్రోలు, ఆయిల్ 50:1 పాళ్లలో కలపాలి. అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కొత్త పిస్టన్ వేసినప్పుడు మొదట్లో 25:1 వాడతారు. మరీ పాత మోటార్లకు పాళ్లు వేరు, తయారీదారు చెప్పిందే పాటించాలి. నీటితో చల్లబడే మోటార్లకు టి.సి.-డబ్ల్యు3 రకం ఆయిలే తగినది. మోటారు సైకిళ్ల ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. అది మిగిల్చే బూడిద ప్లగ్గులనూ రింగులనూ పట్టేస్తుంది.

వేట నుంచి వచ్చాక కొద్ది నిమిషాలు మంచినీళ్లలో నడపడం, తుప్పు నుంచి కాపాడే జింకు ముక్క సగం కరిగితే మార్చడం, ఏటా ఇంపెల్లరు, గేరు ఆయిల్ మార్చడం, ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య నీటిని వేరుచేసే వడపోత పెట్టడం ఆయుష్షు పెంచే పనులు. నిషేధ కాలానికి ముందు ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం తీసేసి, కార్బరేటరులో పెట్రోలు అయిపోయి ఇంజను దానంతటదే ఆగేదాకా నడపాలి. తర్వాత ప్లగ్గు రంధ్రాల్లో కొంచెం ఆయిల్ పోసి తాడు లాగి, మోటారును నిలువుగా నీడలో ఉంచాలి.

భద్రత

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున నిలుస్తుంది. ఇంధనం ఒలికిన చోట రవ్వ పరీక్ష చేయకూడదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఇంధనం నిండిన పడవలు పక్కపక్కనే ఉన్నచోట మంట ఎంత వేగంగా పాకుతుందో ఆ రాత్రి చూపింది. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఆపే తాడును చేతికి కట్టుకుంటే మనిషి నీటిలో పడినా మోటారు ఆగుతుంది.

శిక్షణ, సహాయం

విశాఖలో కేంద్ర మత్స్య, నౌకా, ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ (సిఫ్‌నెట్) విభాగం 1981 నుంచి పనిచేస్తోంది. కొచ్చి ప్రధాన కేంద్రంగా ఉన్న ఈ సంస్థ పడవలు నడిపేవారికీ ఇంజను ఫిట్టర్లకూ శిక్షణ ఇస్తుంది. పల్లెల్లోని మెకానిక్కులు మాత్రం ఎక్కువగా పని చేస్తూనే నేర్చుకున్నవారు. వారి చేతి అనుభవానికి కొలిచి చూసే అలవాటు తోడైతే పేద కుటుంబాల డబ్బు అనవసరపు భాగాల మీద పోకుండా నిలుస్తుంది. ప్రతి పడవలోనూ రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, ఇంపెల్లరు, ప్రొపెల్లరు పిన్ను, శుభ్రమైన వడపోత, తెడ్డు ఉండాలి.

సముద్రంలో ఇంజను పూర్తిగా ఆగిపోతే తీర రక్షక దళానికి 1554, మెరైన్ పోలీసులకు 1093 నంబర్లకు ఫోను చేయాలి. ఒడ్డున మిస్ కొట్టిన మోటారు నడిసముద్రంలో బాగుపడదు. లోపం తెలిసిన మోటారును సరిచేయకుండా కెరటం దాటించవద్దు.